బెల్లం పాటలో పాట లేదట

కుక్కరు ఎన్ని కూతలు కూసినా పైడితల్లి ఇప్పుడు పొయ్యి దగ్గరికి పరిగెత్తడం లేదు. కిందటి బెల్లం సీజన్లో అయితే ఆ వేళకి ఇల్లంతా నోరు మూసుకోవలసిందే. ఫ్యాను ఆపేది. స్టవ్ కట్టేసేది. వీధి వైపు కిటికీలు మూసి, పెరట్లో కుళాయి కింద చప్పుడు కాకుండా బకెట్లో గుడ్డ వేసేది. పక్కింటి శాంతికుమారి గోడ మీంచి తొంగిచూసి "ఒదినా, కాసింత కరేపాకు" అనబోతే, నోటి మీద వేలేసుకుని తర్వాత రమ్మని చెయ్యి ఊపేది.

అప్పుడు ఫోను మోగేది. బెల్లం మార్కెట్లోంచి మొగుడు త్రినాధరావు. వెనకాల కలాసీల కేకలు, రిక్షాల గంటలు.

"పైడీ, పాటయిపోనాది. ఇనుకో."

మొదటి రకం ఇంత, రెండో రకం ఇంత, మూడో రకం ఇంత అని చెప్పేవాడు. ఆమె ఫోను పెట్టేసి, గొంతు సవరించుకుని, అదే ఫోనులో ఇంకోచోట ఎర్రచుక్క మీద వేలు పెట్టి చెప్పేది. "అనకాపల్లి బెల్లం పాట. ఈయేల మొదటి రకం..." అంతే. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలూ చోడవరం, మాడుగుల వైపు ఎక్కడెక్కడో బెల్లం వండే పాకల్లో, చెరకు మోపుల పక్కన, రైతుల జేబుల్లో వినిపించేవి.

ఇప్పుడు ఆ వేళకి ఫోను మోగదు. కుక్కరు దాని ఇష్టం వచ్చినట్టు కూస్తుంది. ఒక్క మనిషి తినే గుప్పెడు బియ్యానికి అంత పెద్ద కుక్కరెందుకు, చిన్నది కొనుక్కోరాదా అని ఒకరిద్దరు అన్నారు. కొనలేదు. ఫ్యాను తిరుగుతుంది, కుళాయి బకెట్లో పడుతుంది, కిటికీల్లోంచి వీధి గోల వస్తుంది. ఆ చప్పుళ్ళన్నీ కలిసినా ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉండదు.

త్రినాధరావు ఒక బెల్లం వ్యాపారి కొట్టులో గుమస్తా. కంప్యూటరు చదువులు చదివినవాడు కాదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే జగదీశ్వరరావు అతనికి చిన్ననాటి స్నేహితుడు. సాయంత్రం కొట్టు కట్టేశాక అక్కడికి పోయి, ఓ మూల పాత కంప్యూటరు ముందు కూర్చుని, వీడియోలు చూసి, తప్పు చేసి, మళ్ళీ చేసి, ఫోనులో పెట్టుకునే యాప్ తయారు చేయడం నేర్చుకున్నాడు. ఆ పిచ్చి ఎక్కించినవాడు మాత్రం బావమరిది బుల్లిబాబు.

బుల్లిబాబు పైడితల్లి తమ్ముడు. మాడుగుల దగ్గర పల్లెలో చెరకు వేస్తాడు. ఒక ఏడు, బెల్లం దిమ్మలు ఇంకా ఆరకముందే ఓ బేరగాడు పాక దగ్గరికి వ్యాను వేసుకొచ్చి, "పాట పడిపోనాదిరా బాబూ, రేపటికి ఇంకా పడిపోతాది" అని కంగారు పెట్టి ఉన్నదంతా ఎత్తుకుపోయాడు. ఆరోజే పాట లేచింది. త్రినాధరావు మార్కెట్లో నిలబడి కళ్ళారా చూశాడు.

"నాకో ఫోను సెయ్యొచ్చు కదరా" అని తిట్టాడు.

"సేత్తే నువ్వు ఎత్తవు బావా. నీ సావుకారు నిన్ను మింగేత్తాడు. మెసేజీ ఎడదావంటే నాను సదవలేను." తల గోక్కున్నాడు బుల్లిబాబు. "ఫోనే నోరిప్పి సెప్పేత్తే బాగున్ను."

ఆ మాట పట్టుకున్నాడు త్రినాధరావు. నొక్కితే చాలు, ఆరోజు పాట నోటితో చెప్పే యాప్ చేశాడు. చెప్పే గొంతు కోసం తన గొంతు పెట్టి చూశాడు, నచ్చలేదు. "నాది సంతలో గొంతే. నీదెట్టు" అన్నాడు పెళ్ళాంతో. పైడితల్లి పదిమందిలో నోరు విప్పి ఎరగదు. పెళ్ళిళ్ళలో కూడా గోడవారన కూర్చునే మనిషి. ఆమె గొంతు పల్లెల్లో తిరుగుతోందని బుల్లిబాబుకి, జగదీశ్వరరావుకి తప్ప ఎవరికీ చెప్పవద్దని మొగుడి దగ్గర ఒట్టేయించుకుంది.

యాప్ పేరు బెల్లం పాట.

అనకాపల్లిలో ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మార్కెట్లో రైతు తెచ్చిన దిమ్మలు వరసగా పేరుస్తారు, కొనేవాళ్ళు చుట్టూ మూగి ఒకరి మీద ఒకరు ధర పెంచుతూ పాడతారు. ఆ వేలమే పాట. పొద్దున్న టీ దుకాణంలో "పాటెంత?" అని అడుగుతారు. పాట లేచిందంటే ఇంట్లో కూర మారుతుంది. ధర అనే మాట అక్కడ కాగితాల మీద తప్ప ఎవరి నోటా రాదు.

మొదట్లో ఆ యాప్‌ను వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పంపేవారు. అయితే పెట్టుకోబోయే ముందు ఫోను ఎర్రగా ఒక హెచ్చరిక చూపించేది, ఇది మీ ఫోనుకు హాని చేయవచ్చు అని. చదువొచ్చిన కొడుకులు ఆ మాట తండ్రులకి చదివి వినిపించేవారు. సగంమంది భయపడి తీసేశారు. "డబ్బులు లాగేత్తాదంట బావా" అన్నాడొక రైతు, త్రినాధరావు మొహం మీదే. అందుకని అన్ని యాప్‌లూ దొరికే స్టోర్‌లో పెట్టాలనుకున్నాడు. స్టోర్‌లో ఉన్నదానికి ఆ హెచ్చరిక రాదు. పెట్టాలంటే ముందు స్టోర్ వాళ్ళు చూసి సరే అనాలి.

వాళ్ళు సరే అనలేదు.

మొదటిసారి యాప్ మీది బొమ్మ బాగాలేదన్నారు. దిమ్మ బొమ్మ పెడితే అదేమిటో అర్థం కాలేదట. మార్చాడు. తర్వాతిసారి ఇంకేదో కాగితం లేదన్నారు. పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన జవాబు జగదీశ్వరరావు పైకి చదివి, ఇంకోసారి చదివి, కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు.

"బావా! పాట లేదంటన్నారురా!"

"లేకపోవడవేటి? నిన్న కూడా పాటయింది."

"ఆ పాట కాదు. పాట! పాడే పాట!" జగదీశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. "మీ యాప్ పేరులో సంగీతం అని ఉంది, మేము తెరిచి చూస్తే ఒక ఆడమనిషి అంకెలు చెబుతోంది తప్ప పాటలేవీ లేవు, ఇది వాడేవారిని మోసం చెయ్యడం. ఇదీ వాళ్ళు రాసింది."

త్రినాధరావు కూడా ఆరోజు నవ్వాడు. ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పి మళ్ళీ నవ్వాడు. పాట అంటే మా ఊళ్ళో వేలం అని మర్యాదగా వివరం రాసి పంపాడు. దానికి వచ్చిన జవాబుకి మాత్రం ఎవరూ నవ్వలేదు. వేలం అయితే వేలం నడపడానికి మీకున్న లైసెన్సు చూపించండి అన్నారు.

"వేలం నేను నడపడంలేదు మహాప్రభో, నడిచిందాన్ని చెబుతున్నాను" అని రాశాడు. అయితే పాటలేవి అని వచ్చింది. మక్కీకి మక్కీ పాట లేదన్న పాత జవాబే. చుట్టూ తిరిగి అక్కడికే.

"పేరు మార్చీ బావా" అన్నాడు జగదీశ్వరరావు. "ధర అని ఎట్టీ. పీడా పోతాది."

"ధర అని ఎవులడుగుతాడు? బుల్లిగాడు ఫోనుతో ఏటంటాడు? పాటెంత అంటాడు."

నిజానికి బుల్లిబాబు ఆ పని చేసి చూపించాడు కూడా. ఓసారి భోజనానికి వచ్చినప్పుడు కొత్త ఫోను తీసి, మైకు బొమ్మ నొక్కి, నోటి దగ్గర పెట్టుకుని "ఈయేల బెల్లం పాట" అన్నాడు. ఫోను ఒక్క క్షణం ఆలోచించి, డప్పులతో హోరెత్తించే ఏదో డాన్సు పాట అందుకుంది. బుల్లిబాబు ఆపడం చేతకాక ఫోనుని దుప్పటి కింద దూర్చాడు. పైడితల్లి చాలా ఏళ్ళకి పకపకా నవ్వింది.

"సూసేవా" అన్నాడు త్రినాధరావు, నవ్వకుండా. "ఫోనుకి కూడా మన మాట తెల్దు. మనవే ధర అనేత్తే ఇంకెప్పటికీ తెల్దు."

అక్కడి నుంచి అది పంతం అయిపోయింది. అవతల ఉన్నది మనిషా మిషనా అని జగదీశ్వరరావు అంటే త్రినాధరావు ఒప్పుకునేవాడు కాదు. "మనిషే. ఎవులో పిల్లుంటాది. ఆ పిల్లకి ముందు వందల యాప్‌లు. మనదొకటి. ఏటి తెలుస్తాది పాపం?" ఆ పిల్ల కోసం రాసేవాడు. మా ఊరు సముద్రానికి దగ్గర, ఇక్కడ బెల్లం వాసన వీధి చివర్నుంచే వస్తుంది, సీజన్లో ఎప్పుడైనా వస్తే పాటంటే ఏమిటో చూపిస్తాను, వేడి వేడి పాకం కూడా పెడతాను అని. ప్రతి జవాబూ ఒకేలా మొదలయ్యేది. హలో త్రినాధరావు. మీ ఓపికకి కృతజ్ఞతలు.

ఆషాఢంలో, ఇంకా తెల్లగా వెలుగు రాకముందు, స్నానానికి నీళ్ళు తోడుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు త్రినాధరావు. ఆటో ఆసుపత్రి గేటు దాటకముందే పోయాడు. పిల్లలు లేరు. తలకొరివి అతని అన్న కొడుకు పెట్టాడు.

పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా గూట్లో పెట్టిన అతని ఫోను టింగుమంది. పైడితల్లి తీసి చూసింది. ఇంగ్లీషు ఆమెకి రాదు. కానీ ఆ నెలల్లో ఎన్నిసార్లు చూసిందో, మొదటి వరుస మాత్రం గుర్తుపట్టగలదు. మొగుడి పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గ్యాసు బుక్కు మీద చూసింది. హలో త్రినాధరావు.

బయట పందిట్లో అతన్ని అప్పటికే "పోయినాయన" అంటున్నారు. ఆయన ఉండగా, ఆయన బతికుంటే, ఆయన తాలూకు. ఒక్కచోట మాత్రం ఇంకా హలో అంటున్నారు. ఆమె ఫోను కొంగులో పెట్టుకుని లోపలికి పోయింది.

తర్వాత ఆ ఫోను ఆపలేదు. తన ఫోను చార్జింగు మర్చిపోయినా దానికి మర్చిపోలేదు. రీచార్జి అయిపోతుందంటే పోయి చేయించుకు వచ్చింది. ఎప్పుడో ఒకసారి అది టింగుమంటుంది. చాలాసార్లు అవి ఎవరికైనా పంపే ప్రకటనలే, రూల్సు మారాయనే కబుర్లే. ఆమెకి అవన్నీ ఒకటే. మొదటి వరుస చదువుకుని, మిగతాది చదవడం రాకపోయినా చివరిదాకా చూసి, పెట్టేసేది. అలాంటి రోజు అన్నం కాస్త ఎక్కువ తినేది.

అది తప్పో ఒప్పో ఎవరినీ అడగలేదు. అడగడానికి ఎవరు? శాంతికుమారి మొదట్లో రోజూ వచ్చి కూర్చునేది, వర్షాలు అయ్యాక రావడం తగ్గించింది. పైడితల్లి మాట్లాడకపోతే ఆమె మాత్రం ఎంతసేపని కూర్చుంటుంది? పాలవాడు గిన్నెలో పోసి పోతాడు. కూరగాయల బండి వాడికి వేలు చూపిస్తే చాలు. ఒక్కోరోజు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు జ్ఞాపకం వచ్చేది, పొద్దున్నుంచీ గొంతు పెగలలేదని.

మార్గశిరంలో సీజను మొదలైంది. ఊరంతా బెల్లం వాసన. బుల్లిబాబు మొదటి సరుకు వేసుకుని వచ్చి, మార్కెట్ పని అయ్యాక అప్ప ఇంటికి భోజనానికి వచ్చాడు. బావ కూర్చునే చోట కూర్చోకుండా గడప దగ్గర కూర్చున్నాడు.

"మా ఊల్లో అందరూ అడుగుతన్నారప్పా. ఆయమ్మ ఏటయింది, మాటాడ్డం మానేసిందేటి అని."

"ఏ అమ్మ?"

"నువ్వే. నువ్వని తెల్దు కదా ఆల్లకి. మా పక్క పాక కొండలమ్మత్త అంటాది గదా, ఆ గొంతు ఇంటే బేరగాడు అబద్దం ఆడ్డానికి జడుసుకుంటాడు అని."

పైడితల్లి పప్పు వడ్డించింది.

"మల్లీ బేరగాల్లు వేన్లేసుకుని తిరుగుతన్నారు" అన్నాడు బుల్లిబాబు. "బావ సేసిన పని బూడిదలో పోసినట్టయిపోతాదేటప్పా?"

అంతలో గూట్లో ఫోను టింగుమంది. పైడితల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తమ్ముడు చెయ్యి కడుక్కుని ఫోను తీసి చూశాడు, ఏమీ అర్థం కాక ఆమె చేతికిచ్చాడు. ఈసారి వరసలు తక్కువ. మధ్యలో ఒక తారీకు లావుగా ఉంది. లావుగా ఉన్న తారీకులు మంచివి కావని కరెంటు బిల్లుల మీద చూసి ఎరుగును.

మర్నాడు చీర మార్చుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళింది. భర్త పోయాక బస్టాండు వైపు వెళ్ళడం అదే మొదలు. జగదీశ్వరరావు లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి ఇచ్చి, ఫోను అందుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు.

"సెప్పన్నయ్యా. ఏటంటన్నారు?"

"గడువు సెల్లెమ్మా. పేరు విషయం మీరు సరిచెయ్యలేదు, చాలాకాలంగా జవాబు కూడా లేదు. ఈ తారీకు లోపల సరిచేసి పంపకపోతే ఈ యాప్ ఇంక చూడం, ఈ ఖాతా మూసేస్తాం." గొంతు తగ్గించాడు. "మూసేత్తే మల్లీ తెరవడం ఉండదు. యాప్ ఇంక స్టోర్‌లోకి రాదు, వాట్సాప్‌లో పంపిందాన్ని ఆ ఎర్ర హెచ్చరిక సూసి ఎవులూ ఎట్టుకోరు. ఇంక ఏ కబురూ రాదు."

ఏ కబురూ రాదు అన్నమాట దగ్గర పైడితల్లి తలెత్తింది.

"పేరు మార్చేద్దావమ్మా. ధర అని ఎడదాం. సాయంత్రానికి పంపేత్తాను. వారంలో వచ్చేత్తాది."

"ఆయన ఒద్దన్నారు కదన్నయ్యా."

"ఒద్దన్నాడు. ఒప్పుకుంటాను. కానీ పేరు కోసం మొత్తం ఒగ్గేత్తావేటి? బావ కట్టం ఇందులో ఉంది గానీ పేరులో లేదు."

అతను అన్నదాంట్లో తప్పులేదు. అందుకే లేచి వచ్చేసింది. దారిలో బెల్లం బళ్ళు ఎదురొస్తున్నాయి. ధర అని పెడితే కొండలమ్మత్త దానిని ఏమని అడుగుతుంది? పెట్టకపోతే అసలు అడగడానికే ఉండదు. అతను నెలల తరబడి రాసిన ఉత్తరాలు, ఎవరో తెలియని ఆ పిల్లకి పాకం పెడతానన్న మాట, అన్నీ ఒక్క మాట మారిస్తే ఓడిపోయినట్టే. మార్చకపోతే చచ్చిపోయినట్టే. ఇంటికొచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. శాంతికుమారి చూసి ఏమైంది ఒదినా అంటే, ఏం లేదంది.

మర్నాడు కుక్కరు మూత తీస్తూ ఉంటే కోపం వచ్చింది. మొగుడు పోయాక ఏడుపు వచ్చింది, భయం వచ్చింది, కోపం మాత్రం రాలేదు. ఇప్పుడు వచ్చింది. పాట లేదు, పాట లేదు, పాట లేదు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. దేవుడి దగ్గర కూడా ఇంతగా మొండికేసి అడగరు. ఆ మూత ఠపీమని కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని జగదీశ్వరరావుకి ఫోను చేసింది.

"అన్నయ్యా. ఆల్లకేటి కావాలి?"

"ఏటి సెల్లెమ్మా?"

"ఆల్లకి పాట కావాలి. అంతేనా? పాటే ఎట్టేద్దాం. ఒకటి ఎట్టేత్తే నోరు మూసుకుంటారా లేదా?"

అవతల జగదీశ్వరరావు నవ్వాడు. బావ పోయాక ఆ నవ్వు వినడం అదే.

"ఓలమ్మా! ఇన్నాల్లూ మేవిద్దరం దానికి వివరం రాసుకుంటూ కూకున్నాం. పాటెడితే పోయేది! ఎవులు పాడతారు?"

ఆ ప్రశ్న ఆమె అనుకోలేదు. ఎవరో ఒకరు పాడతారులే అనుకుంది. ఎవరూ లేరు.

ఫ్యాను ఆపింది. కిటికీలు మూసింది. కుళాయి కట్టేసింది. ఎర్రచుక్క మీద వేలు పెట్టింది, తీసేసింది. ఏం పాడాలి? సినిమా పాట పనికిరాదని జగదీశ్వరరావు ముందే చెప్పాడు, వాళ్ళ సొంతదారులు పట్టుకుంటారట. భక్తి పాటకి నోరు రాలేదు, దేవుడితో ఆమెకి ఇంకా మాటల్లేవు. చిన్నప్పుడు బెల్లం పెనం దగ్గర కూర్చుని అమ్మ పాకం కలుపుతూ పాడేది జ్ఞాపకం వచ్చింది. అది పాట అని ఎవరూ అనుకోలేదు. తెడ్డు ఎటు తిరిగితే అమ్మ గొంతు అటు తిరిగేది, అంతే.

పొంగుతాది పొంగుతాది పాకమమ్మ పొంగుతాది
దింపకుంటె మాడుతాది, దింపుకుంటె దిమ్మవుతాది

మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి దగ్గు వచ్చింది. పాడి ఎరగదు సరే, అసలు మాట్లాడే గొంతే తుప్పు పట్టి ఉంది. తర్వాత ఎప్పుడో మొత్తం పాడేసింది. పాడి, వేలు తియ్యడం మర్చిపోయి, ఆ ఖాళీ గదిలో కూర్చుని ఏడ్చింది. ఏడుపు కూడా రికార్డయింది. ఆ ముక్కని జగదీశ్వరరావు కోసేశాడు. కోసేశానని ఆమెతో అనలేదు, ఆమె అడగలేదు.

యాప్‌లో కింద ఒక చోట చిన్న బొత్తాం పెట్టాడు. నొక్కితే ఆ పాట. పంపారు.

జవాబు గడువుకి ముందే వచ్చింది. ఈసారి ఇద్దరూ కలిసి చూశారు. హలో త్రినాధరావు. ఈ పాట హక్కులు ఎవరివి? సొంతదారుల అనుమతి చూపించండి.

"మాయమ్మది" అంది పైడితల్లి.

"అమ్మ ఎక్కడున్నారు?"

"పోయి సానా కాలవయింది."

జగదీశ్వరరావు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. "పోయినోల్ల దగ్గిర అనుమతి ఎలా తెత్తాం సెల్లెమ్మా? అనుమతి అడగాల్సినోడు పోయినోడే, ఇవ్వాల్సినావిడ పోయినావిడే!" అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు.

పైడితల్లికి కోపం రాలేదు. అతను మాట్లాడే తీరులో మొగుడు వినిపించాడు. "నాదే అని రాయన్నయ్యా" అంది. "మాయమ్మ ఏం పాడిందో సగం గుర్తులేదు నాకు. మిగతాది నాను కట్టిందే."

అలాగే రాశాడు. ఎందుకైనా మంచిదని, పాటంటే ఏమిటో త్రినాధరావు ముందు రాసిన వివరం కూడా కింద మళ్ళీ పెట్టాడు. పాకం పెడతానన్న వాక్యం తీసేయబోతే పైడితల్లి ఒద్దంది. ఏ వాక్యమో ఆమెకి తెలియదు కాబట్టి, చదివించుకుని, ఉందని తేల్చుకున్నాకే పంపనిచ్చింది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా మధ్యాహ్నం జగదీశ్వరరావు స్కూటరు మీద ఇంటికే వచ్చాడు. గుమ్మం బయటి నుంచే అరిచాడు.

"సెల్లెమ్మా! వచ్చీసింది! బెల్లం పాట! బావ ఎట్టిన పేరే!"

శాంతికుమారి గోడ మీంచి తొంగిచూసింది. వీధిలో పిల్లలు ఆగారు. పైడితల్లి ఫోను తీసి చూసింది. హలో త్రినాధరావు. కింద ఒకే ఒక వరుస. అభినందనలు అని ఉందట. పాట పెట్టినందుకు ఒప్పుకున్నారా, వివరం చదివి ఒప్పుకున్నారా, చూసే మనిషి మారిందా, అదేమీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు వద్దన్నారో చెప్పారు, ఎందుకు సరే అన్నారో మాత్రం చెప్పలేదు.

"ఆ పిల్లే సూసుంటాదేటి?" అంది పైడితల్లి.

"ఏ పిల్లమ్మా?"

"ఏం లేదులే."

సంతోషంగానే ఉంది. సంతోషం పంచుకునే మనిషి లేకపోవడం కూడా అంతే ఉంది. జగదీశ్వరరావుకి టీ పెట్టి ఇచ్చింది. ఇంక రోజూ పాట వివరం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే తాతబ్బాయి చెబుతాడని, తను మాట్లాడేశానని అతను చెప్పాడు. బుల్లిబాబుకి ఫోను చేస్తే, అతను పాకలో అందరికీ వినిపించేలా పెట్టి, "అప్పా, ఒకపాలి మాటాడు, కొండలమ్మత్త ఇక్కడే ఉంది" అన్నాడు. "నాను మాటాడను" అంది. అవతల కొండలమ్మత్త "ఓలమ్మ ఓలమ్మ, ఆయమ్మే! ఆ గొంతే!" అని అరవడం వినిపించింది. ఒట్టు అలా పోయింది.

టీ గ్లాసు కింద పెడుతూ జగదీశ్వరరావు ఇంకో మాట అన్నాడు.

"ఒక పని ఉండిపోయింది సెల్లెమ్మా. ఆ ఖాతా ఇంకా బావ పేరునే ఉంది. నీ పేరుకి మార్చుకోవాల. మరణ ధ్రువీకరణ పత్రం, నీ ఆధారూ జిరాక్సు తెత్తే రేపే పంపేత్తాను. చిన్న పనే."

"మారిత్తే ఏటవుద్ది?"

"ఏటవుద్ది? ఇంకనుంచి ఉత్తరాలు నీ పేరున వత్తాయి. హలో పైడితల్లి అంటారు." నవ్వాడు. "మార్చకపోతే ఎప్పుడైనా తనిఖీ చేసి, మనిషి లేడని తెలిస్తే మల్లీ గొడవ. ఆలస్యం సెయ్యకు."

"అలాగే అన్నయ్యా" అంది.

రాత్రి పడుకునే ముందు రేపటి పని గుర్తు చేసుకుంది. పత్రం బీరువాలో పై అరలో, ప్లాస్టిక్ కవరులో ఉంది. ఇప్పటికే బ్యాంకుకీ, రేషను కార్డుకీ, గ్యాసు వాళ్ళకీ దాని నకళ్ళు ఇచ్చింది. ఎక్కడ ఇస్తే అక్కడ అతని పేరు కొట్టేశారు. కొట్టివేశాక అక్కడ తన పేరు ఉండేది, కొత్త సిరాతో.

పొద్దున్న తాతబ్బాయి ఫోను చేశాడు. ఆమె మూడు ముక్కలూ చెప్పింది. ఆ తర్వాత పని ఏమీ లేదు. నెట్ సెంటర్ తెరిచే వేళ అయింది. చీర మార్చుకుంది, చెప్పులు వేసుకుంది, సంచీ తీసుకుంది. బీరువా ముందు కాసేపు నిలబడింది.

తాళంచెవి నడుముకే ఉంది. తియ్యలేదు. సంచీ పట్టుకుని, బస్టాండు వైపు కాకుండా కూరల బజారు వైపు నడిచింది.